నక్షత్రాలు కాదు, నర్సుల గంటలు చూడండి

అమెరికాలో తుంటి ఎముక విరిగో, పక్షవాతం వచ్చో ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లను చాలాసార్లు నేరుగా ఇంటికి కాక, నర్సింగ్, ఫిజియోథెరపీ ఉండే పునరావాస కేంద్రానికి పంపుతారు. అక్కడి మన తెలుగు కుటుంబాలు ఆ కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వెబ్‌సైట్‌లో మొత్తం స్టార్ రేటింగ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. ఆ రేటింగ్‌లో కొంత భాగం కేంద్రాలు తమ గురించి తామే ఇచ్చుకున్న సమాచారం. సిబ్బంది లెక్కలు అలా కాదు, జీతాల రికార్డుల నుంచి వస్తాయి. రోగికి రోజుకు ఎన్ని నర్సింగ్ గంటలు అందుతున్నాయి, శని ఆదివారాల్లో అవి ఎంతకు పడిపోతున్నాయి, ఏడాదిలో సిబ్బందిలో ఎందరు మానేశారు, అన్నీ ఆ వెబ్‌సైట్‌లోనే కనిపిస్తాయి. రాత్రి బెల్ నొక్కినా బాత్రూమ్‌కు తీసుకెళ్లే మనిషి రాకపోతే, తుంటి ఆపరేషన్ అయిన ముసలావిడ తనే లేవబోయి మళ్లీ పడుతుంది.

డిశ్చార్జ్ ముందురోజు ఆసుపత్రి వాళ్లు కేంద్రాల జాబితా చేతిలో పెడితే ఇవన్నీ చూసే తీరిక ఎక్కడిదంటారు. నిజమే, అందుకే చేరిన రోజే వెతకడం మొదలుపెట్టాలి. ఎంచుకునే హక్కు రోగిదే, ఆసుపత్రిది కాదు. ఇన్‌పేషెంట్‌గా చేర్చుకున్నారా, అబ్జర్వేషన్‌లో ఉంచారా అన్నదీ అప్పుడే అడగండి. సంప్రదాయ మెడికేర్‌లో సాధారణంగా వరుసగా 3 రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉంటేనే కేంద్రం ఖర్చు వస్తుంది, అదీ పూర్తిగా మొదటి 20 రోజులకే.