బస్సు వెళ్లే దారి సైకిలు దారి కాదు

క్రిస్మస్‌కు ఊరికి వచ్చిన ఒక అబ్బాయిని వాళ్ళమ్మ మన ఆసుపత్రికి వెంటబెట్టుకుని వచ్చింది. హైదరాబాదులో సైకిలు మీద పనికి వెళ్తుంటే ఒక లారీ పక్కనుంచి ఒరుసుకుపోయి కింద పడ్డాడు. భుజం ఎముక విరిగింది. అక్కడే కట్టు కట్టించుకున్నాడు. ఇప్పుడు ఎముక అతుక్కుంది కానీ చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవడం లేదు.

"డాక్టరమ్మా, మీరైనా చెప్పండి. ఆ సైకిలు అమ్మేసి, వాయిదాల మీద మోటారు బండి తీసుకోరా అంటే వినడు" అంది ఆ తల్లి.

నేను ఆ అబ్బాయిని ఒక్కటే అడిగాను. "రోజూ ఏ దారిన వెళ్తావు బాబూ?"

"దారేముంది మేడం, బస్సు పోయే దారే. మొదటి రోజు బస్సులో పోయాను. అదే తెలుసు నాకు."

ఈ మాట నన్ను ఆలోచనలో పడేసింది. మన పినపాక, మణుగూరు, ఏడూళ్ల బయ్యారం ప్రాంతాల నుంచి ఎంతోమంది పిల్లలు చదువులకు, పనులకు హైదరాబాదు వెళ్తున్నారు. ఉప్పల్‌లోనో, ఎల్బీ నగర్‌లోనో బస్సు దిగి, దగ్గరలో గది తీసుకుంటారు. డబ్బులు మిగులుతాయని కొందరు సైకిలు కొనుక్కుంటారు. ఊరు కొత్త కాబట్టి బస్సు ఏ దారిన తీసుకెళ్లిందో ఆ దారే వాళ్లకు దారి అవుతుంది. కానీ బస్సు దారి పెద్ద బండ్ల కోసం వేసింది. సైకిలుకు అదే అన్నిటికంటే చెడ్డ దారి. తప్పు సైకిలుది కాదు, దారిది అని నా అభిప్రాయం.

వాగు దాటే రేవు గుర్తుందా?

మన అడవి దారులు ఎప్పుడైనా తిన్నగా పోతాయా? పోవు. వాగు ఎక్కడ లోతు తక్కువగా ఉందో, ఆ రేవు వైపు దారి వంగుతుంది. పెద్దవాళ్లు ముందు రేవు చూసుకున్నారు, తరువాత దారి వేసుకున్నారు. నగరంలోనూ ఇదే పద్ధతి. అక్కడ వాగులకు బదులు రైలు పట్టాలు, మూసీ నది, హుస్సేన్ సాగర్, సికింద్రాబాదులో మిలిటరీ వారి స్థలాలు అడ్డం వస్తాయి. వాటిని ఎక్కడపడితే అక్కడ దాటలేము. అందుకే ఊళ్లోని బండ్లన్నీ ఆ నాలుగైదు వంతెనల దగ్గరకే వచ్చి చేరతాయి. కాబట్టి ముందు దాటే చోటు ఎంచుకోవాలి. ఆ తరువాత దానికి ఇటూ అటూ ఉన్న చిన్న వీధులను కలుపుకోవాలి.

ఆ అబ్బాయి ఉండేది ఉప్పల్, పని చేసేది నారాయణగూడలో. రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా రద్దీ రోడ్డున వెళ్లేవాడు. ఈ రెండు చోట్ల మధ్య కాచిగూడ రైలు మార్గం అడ్డం వస్తుంది. నేను చదువుకునే రోజుల్లో ఆ ప్రాంతంలో ఉన్నాను కాబట్టి, ఓపీ చీటీ వెనుక ఇద్దరం బొమ్మ గీసి చూశాం. ఉప్పల్ నుంచి హబ్సిగూడ లోపలి వీధులు, జాతీయ పోషకాహార సంస్థ ఉన్న తార్నాక, అక్కడి నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం చెట్ల దారి, అడిక్‌మెట్ దగ్గర రైలు వంతెన, ఆపైన విద్యానగర్, నల్లకుంట గల్లీలు, చివరకు నారాయణగూడ. సుమారు రెండు కిలోమీటర్లు ఎక్కువ. సైకిలు గంటకు 12 కిలోమీటర్లు పోతుందనుకుంటే, పది నిమిషాలు ఆలస్యం. అంతే. మూడు నెలలుగా పనికి పోలేని మనిషికి ఆ పది నిమిషాలు ఏపాటివి?

బయలుదేరే ముందు చేయవలసినవి

మీ పిల్లలు సైకిలు మీద తిరుగుతుంటే ఈ మాటలు వారికి చదివి వినిపించండి.

దారిని రెండుసార్లు చూసుకోవాలి. మొదట ఆదివారం, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. తరువాత పని రోజున, సరిగ్గా పనికి వెళ్లే వేళకు. ఆదివారం ప్రశాంతంగా ఉన్న వీధి సోమవారం బడి పిల్లల బస్సులతో నిండిపోవచ్చు. క్యాంపస్ గేటు, కాలనీ గేటు ఏ వేళకు మూస్తారో కాపలా మనిషిని అడగాలి.

ఫోనులో దారి వెతికేటప్పుడు బండి గుర్తు నొక్కితే అది మోటారు సైకిలు దారి చూపిస్తుంది. దానికి పెద్ద రోడ్డంటేనే ఇష్టం. నడిచే మనిషి గుర్తు నొక్కి చూడండి, లోపలి గల్లీలు కనిపిస్తాయి. అయితే అందులో మెట్లు, వన్‌వేలు కూడా రావచ్చు. అందుకే కళ్లతో చూసుకోమన్నది.

మనం ఎడమ పక్కన నడిచేవాళ్లం కాబట్టి కుడి వైపు తిరగడమే ప్రమాదం. కుడి మలుపులు తక్కువగా ఉన్న దారి మంచిది. తప్పనిసరైతే దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటాలి. ఇందులో నామోషీ ఏమీ లేదు. తిరుగు ప్రయాణంలో మలుపులు తారుమారవుతాయి. కాబట్టి ఇంటికి వచ్చే దారి వేరుగా ఉన్నా తప్పులేదు.

ఎడమకు తిరుగుతున్న బస్సుకూ, ఫుట్‌పాత్‌కూ మధ్య సందులో దూరకూడదు. అక్కడున్న సైకిలు డ్రైవరుకు కనిపించదు. మణుగూరు రోడ్డు మీద బొగ్గు లారీలను చూసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆగి ఉన్న కారు పక్కన పోయేటప్పుడు దాని తలుపు తెరుచుకునేంత దూరం విడిచిపెట్టాలి.

వానాకాలానికి ఇంకొక దారి ఉంచుకోవాలి. నీళ్లు నిలిచిన చోట కింద మూత లేని గుంట ఉందేమో ఎవరికి తెలుసు? 2022 జూలైలో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ దగ్గర తక్కువ ఎత్తు వంతెనలు మూసివేశారు. ఆ రోజు వాటినే నమ్ముకున్నవారు ఎంత చుట్టు తిరిగి ఉంటారో!

బ్రేకులు, బెల్లు, ముందు దీపం, వెనుక ఎర్ర దీపం, తలకు హెల్మెట్ తప్పనిసరి. ఒకప్పుడు దీపం లేని సైకిలును పోలీసులు ఆపేవారని మన పెద్దవాళ్లకు గుర్తే. ఇప్పుడు అడిగేవారు లేరని దీపం మానేస్తే నష్టం మనకే.

మోటారు బండి మందు కాదు

ఆ తల్లి భయం నాకు అర్థమైంది. కానీ అదే రోడ్డు మీద రెట్టింపు వేగంతో పోతే ప్రమాదం తగ్గుతుందా? పైగా నెలనెలా వాయిదా, పెట్రోలు ఖర్చు. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు సైకిలు తొక్కితే అది పూర్తవుతుంది. చిన్న వయసులోనే బీపీ, షుగరు కనిపిస్తున్న ఈ రోజుల్లో ఇది చిన్న లాభం కాదు. పెద్ద రోడ్డుకు ఒకటి రెండు వీధులు లోపలికి వస్తే పొగ కూడా తగ్గుతుంది. అయితే ఎంత వెతికినా మంచి దారి దొరకకపోతే మొండితనం వద్దు. అప్పుడు బస్సో, మెట్రోనో ఎక్కడమే మేలు.

ప్రభుత్వాలకూ ఒక మాట చెప్పాలి. 2023 అక్టోబరు 1న హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. చాలా భాగం పైన సౌర ఫలకాల కప్పు వేశారు. మంచి పనే. కానీ అది నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఉంది. ఉప్పల్ నుంచి టిఫిన్ డబ్బా తగిలించుకుని పనికి పోయే కుర్రవాడికి అది అందదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వ్యవసాయం కాని పనులకు వెళ్లేవారిలో నూటికి సుమారు 13 మంది సైకిలు మీదే వెళ్లారు. వారికి కావలసింది రైలు వంతెన దగ్గర భద్రంగా దాటే వీలు, గల్లీలో వీధి దీపం, మురుగు గుంటకు మూత.

నెదర్లాండ్స్ అనగానే సైకిళ్ల దేశం అంటాము. ఆ దేశంలోనూ 1971లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి అడిగిన తరువాతే అక్కడ సైకిలుకు వేరే దారులు పెరిగాయి. అడిగింది తల్లిదండ్రులే అన్నది గమనించండి.

మనం అంత దూరం పోనక్కరలేదు. ఈ వారం మీ అబ్బాయికో, అమ్మాయికో ఫోను చేసినప్పుడు "తిన్నావా?" అని అడిగాక, "ఏ దారిన పోతున్నావు?" అని కూడా అడగండి. "బస్సు దారే" అంటే, ఆదివారం మధ్యాహ్నం ఇంకొక దారి వెతకమనండి.

ఆ అబ్బాయి చేతికి వ్యాయామాలు నేర్పించి పంపించాము. చెయ్యి పూర్తిగా లేచాకే సైకిలు ఎక్కాలని చెప్పాను. ఓపీ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "పది నిమిషాల ముందు నిద్ర లేపడానికి నేనే ఫోను చేస్తాలే డాక్టరమ్మా" అని నవ్వింది.