పాటకు పేరు, పేరుకు ఊరు

జానపద గానానికి కర్త ఉండడనీ, అది జాతి అంతటి సొత్తనీ పాఠ్యగ్రంథాలు చెప్పుతూ ఉంటవి. వినుటకు ఉదాత్తమైన మాటే. కాని పాట రికార్డుకెక్కి సరుకైన నాటినుండి ఈ మాట చాటున గాయకుల కష్టం పరుల పాలయిన సందర్భాలు ఉన్నవి. దక్షిణాఫ్రికా జూలూ గాయకుడు సాలమన్ లిండా 1939లో ‘ఎంబూబే’ పాటను రికార్డు చేసి, దాని హక్కులను స్వల్ప మొత్తానికే వదులుకొన్నాడు. 1962లో పేదవాడుగానే కన్నుమూసినాడు. ఆ పాట వేరు పేర్లతో లోకమంతా తిరిగి ధనరాసులు కురిపించినది. అతని కుమార్తెలకు 2006లో గాని న్యాయం దక్కలేదు.

అదే దేశపు సోంగా గాయకుడు జనరల్ ఎం. డి. షిరిండా కథ కొంత భిన్నమైనది. సోంగాలు దక్షిణాఫ్రికా ఈశాన్య భాగంలోను, మొజాంబిక్‌లోను నివసించే జనులు. గిటారుకు స్త్రీల బృందగానాన్ని జోడించిన షిరిండా బాణీ అమెరికా గాయకుడు పాల్ సైమన్‌ను ఆకర్షించినది. ఆ సంగీతమే 1986లో వెలువడిన ‘గ్రేస్‌లాండ్’ ఆల్బములో ‘ఐ నో వాట్ ఐ నో’ అను పాట అయినది. కర్తలుగా సైమన్, షిరిండాల పేర్లు రెండూ అచ్చయినవి. లిండాకు దక్కని గౌరవం ఇది.

అయినను ఒక లోటు మిగిలినది. సైమన్ కూర్చిన ఆంగ్ల పదాలు నగరపు విందులోని పొడిమాటలను చిత్రిస్తవి. వాటి వెనుక ‘గాజా సిస్టర్స్’ బృందపు స్త్రీల గొంతులు వినిపిస్తవి. ఆ బృందం పేరు, 1895లో పోర్చుగీసువారు కూలద్రోసిన ఆఫ్రికా గాజా రాజ్యాన్ని స్ఫురింపజేస్తుంది. ఆ చరిత్ర ఎరుగని శ్రోతకు ఆ గొంతులు కేవలం ఒక వింత అలంకారం. పాటకు పేరు దక్కినది. పేరుకు ఊరు దక్కలేదు.

ఆ ఊరు సోంగా భాషలోనే ఉన్నది. జాతులను విడదీసి పాలించిన వర్ణవివక్ష ప్రభుత్వమే 1965లో సోంగా రేడియో ప్రసారాలు ప్రారంభించినది. విడదీయుటకు పెట్టిన ఆ రేడియోయే భాషకు, బాణీకి ఊపిరి పోసినది. 1996 రాజ్యాంగం సోంగాను అధికార భాషలలో ఒకటిగా గుర్తించినది. 2011 జనగణన ప్రకారం ఆ దేశంలో దానిని మాట్లాడేవారు సుమారు 22 లక్షల 77 వేలమంది. థామస్ చౌకే వంటి గాయకులు ‘షిమత్సాత్స’ పేరిట వరుస సంఖ్యలతో ఆల్బములు వెలువరించగలిగినది ఈ శ్రోతల అండతోనే.

కనుక జానపద గానాన్ని బోధించేవారు, చదివేవారు రాగాన్ని మెచ్చుకొని ఊరుకోరాదు. పాడినదెవరు? ఏ భాషలో? ఎవరికొరకు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగిననాడే గాయకునికి పూర్తి గౌరవం దక్కినట్లు.