హాల్లో పున్నమి, వెనకగదిలో అమావాస్య

అంతర్జాలం నెమ్మదించిందనగానే మనవాళ్ళకు తోచే వైద్యం ఒక్కటే: ఇంకా పెద్ద ప్లానుకు మారడం. యాభై మెగాబిట్లు చాలకపోతే నూరు, నూరు చాలకపోతే రెండువందలు. కనెక్షన్ అమ్మేవాడికి అంతకంటే కావలసిందేముంది! నా మటుకు నాకు, చాలా ఇళ్ళలో ఈ డబ్బు గోడలకు ధారపోసినట్టే అనిపిస్తుంది. వీధిలోంచి గుమ్మందాకా వచ్చే వేగం వేరు, రౌటరు దగ్గరనుంచి మన చేతిలోని ఫోనుదాకా వచ్చే వేగం వేరు. మొదటిది కొనుక్కునేది. రెండోది అమర్చుకునేది.

లోపం ఎక్కడుందో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. లాప్‌టాప్‌ను తీగతో నేరుగా రౌటరుకు తగిలించి వేగం కొలవండి. తరువాత తీగ తీసేసి, నత్తనడక నడిచే గదిలో కూర్చుని మళ్ళీ కొలవండి. తీగమీదా తక్కువే వస్తే తప్పు బయటిది, ఫిర్యాదు చెయ్యండి, గట్టిగానే చెయ్యండి. మా ఇంట్లో తీగమీద 94 వచ్చింది, వెనకగదిలో 8. మిగిలిన 86 మెగాబిట్లూ ఆ రెండు గదుల నడుమే ఎక్కడో ఇంకిపోయాయన్నమాట. (కొలిచేటప్పుడు ఒక తిరకాసు గుర్తుంచుకోవాలి. వాళ్ళు అమ్మేది మెగాబిట్లు, మనం దింపుకునే ఫైళ్ళ కొలత మెగాబైట్లు. నూరు మెగాబిట్లంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే.)

ఎక్కడ ఇంకాయంటే, మన ఇళ్ళ కట్టుబడి గురించి చెప్పుకోవాలి. చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించిన అమెరికా ఇంటిగోడను దాటడం రేడియో తరంగానికి పెద్ద శ్రమ కాదు. మనవి తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఇనపచువ్వలు పరిచిన శ్లాబులు. ఆపైన దాదాపు ప్రతి పడకగదిలోనూ నిలువెత్తు ఇనప బీరువా, దాని తలుపుకో అద్దం. ఇనుము తరంగాన్ని తిప్పికొడుతుంది, నీళ్ళు మింగేస్తాయి. ఇక 2.4 గిగాహెర్ట్జ్ తరంగం గోడలను కాస్త మెరుగ్గా దాటుతుంది, కాని ఇరుకుదారి. 5 గిగాహెర్ట్జ్ రాజమార్గమే, కాని గోడ కనబడితే త్వరగా డీలాపడుతుంది.

ఆ ఇరుకుదారిలో రద్దీ ఎంతో అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి తెలిసే ఉంటుంది. మనదేశంలో 2005లో ఈ 2.4 పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. అందులో పదమూడు చానెళ్ళున్నాయి గాని, ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. వైఫై మర్యాదస్తురాలు, ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగుతారు. ఇరవై ఇళ్ళవారు ఆ మూడు దారుల్లోనే ఒకరికొకరు దారి ఇచ్చుకుంటుంటే ఎవరు మాత్రం ముందుకు కదులుతారు? చుట్టూ ఏ చానెల్‌లో ఎందరున్నారో చూపించే ఉచిత అప్లికేషన్లున్నాయి. ఖాళీగా ఉన్నదానికి మారండి, దగ్గరలో ఉండే పరికరాలను 5 మీదికి పంపెయ్యండి. ఇదంతా అరగంట పని.

కాని అసలు సంగతి రౌటరు ఎక్కడుందన్నది. దాని చోటును మనం నిర్ణయించలేదు, తీగ లాగడానికి వచ్చిన కుర్రాడు నిర్ణయించాడు. గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు పైన, లేదా టీవీ వెనకాల. అతనికి తీగ కలిసివచ్చింది, మనకు కంటికి కనబడకుండా పోయింది. దాంతో సిగ్నలు వైభోగమంతా హాల్లో ఉండే టీవీకీ, దాని ఎదుట కూర్చునే ఇంటిపెద్దకూ దక్కింది. వెనకగదిలో ఎవరుంటారు? తలుపేసుకుని పరీక్షకు చదువుకునే పిల్ల. దూరదేశంలో ఉన్న మనవణ్ణి ఫోనులో చూసుకోవాలనుకునే నాయనమ్మ. బొమ్మ బిగుసుకుపోయి, మాట ముక్కలై, చివరికి ఆవిడ "వాడికేదో పనున్నట్టుందిలే" అని ఫోను పక్కన పెట్టేస్తుంది. నిజానికి ఆ కాల్‌కు కావలసింది మూడు నాలుగు మెగాబిట్లు, అంతే. ఇంటిల్లిపాదికీ పేరు చెప్పి కొన్న నూరులో ఆవిడ వాటా ఆ మాత్రం లేదా?

ఈ పక్షపాతం హాలువాళ్ళకైనా లాభిస్తుందా అంటే, అదీ లేదు. గాలి అందరిదీ ఒక్కటే. సిగ్నలు అందని ఫోను నెమ్మదిగా మాట్లాడుతుంది. ఒక వాక్యానికి పట్టే కాలంలో మిగతావారు పది వాక్యాలు మాట్లాడి ఉండేవారు. అది ముగించేదాకా వీళ్ళు ఆగాల్సిందే. అంటే హాల్లో సినిమా ఆగిందంటే, దానికి కారణం వెనకగదిలో ఎవరో అవస్థ పడుతుండటమే కావచ్చు.

కనుక రౌటరును ఇంటి నడిమధ్యకు, తలకంటే ఎత్తుకు తెండి. ఫైబర్ తీగను ఇష్టమొచ్చినట్టు వంచకూడదు కాబట్టి ఆ పెట్టెను ఉన్నచోటనే ఉంచి, అక్కడినుంచి మామూలు లాన్ తీగ లాగి రౌటరును జరపవచ్చు. ఒకే పెట్టెలో రెండూ ఉంటే ఆ తీగ చివర ఇంకో రౌటరు పెట్టుకోవచ్చు. టీవీ నడిచి వెళ్ళే వస్తువు కాదు, దానికి తీగే ఇవ్వండి, గాలి మిగతావారికి మిగులుతుంది. రిపీటర్లంటే నాకు అంత గురి లేదు. అందరూ వాటిని సిగ్నలు చచ్చిపోయిన గదిలోనే పెడతారు, వినబడనిదాన్ని అది మాత్రం ఏమని తిరిగి చెబుతుంది? పెడితే నడిదారిలో పెట్టాలి. అప్పుడు కూడా, వినడానికీ చెప్పడానికీ ఒకే రేడియో ఉన్నదైతే వేగం సగానికి సగం పోతుంది.

మా ఇంట్లో రౌటరు నడవాలోకి వచ్చాక వెనకగదిలో 8 కాస్తా 41 అయింది. ప్లాను మాత్రం పాతదే.

గోడవెంట తీగ కనబడితే అసహ్యంగా ఉంటుందన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది. కేబుల్ టీవీ తీగ ఇరవయ్యేళ్ళుగా అదే గోడమీద వేలాడుతోంది, దానిమీద ఎవరూ పల్లెత్తు మాట అనగా నేను వినలేదు.