విశ్రాంతి పేరిట విధిస్తున్న శిక్ష

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ తీరాన పోర్ట్ మక్వారీ అనే పట్టణం ఉంది. ఉద్యోగ విరమణ పొందినవారు ఏరికోరి వచ్చి స్థిరపడే ఊళ్ళలో అదొకటి. హేస్టింగ్స్ నది సముద్రంలో కలిసే చోటినుండి టాకింగ్ పాయింట్ దీపస్తంభం వరకు తీరం వెంబడి 9 కిలోమీటర్ల నడకదారి అక్కడ ఉన్నది. తెల్లవారుజామున ఆ దారిలో నిలబడితే డెబ్బై, ఎనభై ఏళ్ళవారు కనిపిస్తారు. కొందరు నడుస్తుంటారు, కొందరు గాలపు కర్ర పట్టుకొని రాతికట్ట మీద కూర్చుంటారు, మరికొందరు తువ్వాలు భుజాన వేసుకొని సముద్రస్నానానికి దిగుతుంటారు.

ఇటువంటి దృశ్యాన్ని చూసి, కొడుకు వద్దకు వచ్చిన మన పెద్దమనిషి ఒకరు నాతో అన్న మాట ఇది: “రామా కృష్ణా అనుకుంటూ ఒక మూల కూర్చోవలసిన వయసులో వీళ్ళకు ఈ పిల్లచేష్టలేమిటండీ?”

ఆ మాటతోనే నా తగవు. మన సమాజం వృద్ధులకు విశ్రాంతి పేరిట విధిస్తున్నది గౌరవం కాదు, శిక్ష. ఆ శిక్షను ఖరారు చేయడంలో మా వైద్యుల పాత్ర కూడా తక్కువేమీ కాదు. “విశ్రాంతి తీసుకోండి” అన్న వాక్యాన్ని నేనే ఎన్ని మందుచీటీల మీద వ్రాశానో లెక్కలేదు. ఎన్నాళ్ళు, ఎంతసేపు, ఆ తరువాత ఏమి చేయాలి అన్నది మాత్రం అరుదుగా వ్రాశాను. రోగి ఆ వాక్యాన్ని యావజ్జీవ ఆజ్ఞగా స్వీకరించి ఇంటికి వెళ్ళాడు.

విశ్రాంతి దేహానికి ఏమి చేస్తుందో శాస్త్రం ఎప్పుడో చెప్పింది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచానికే పరిమితం చేసి పరీక్షించారు. ముప్పై ఏళ్ళ తరువాత అదే ఐదుగురిని తిరిగి పరీక్షించారు. ముప్పై ఏళ్ళ వయోభారం తగ్గించిన దానికంటే, యౌవనంలో ఆ మూడు వారాల మంచమే వారి శ్రమశక్తిని ఎక్కువగా తగ్గించిందని తేలింది. ఇరవై ఏళ్ళ దేహమే అట్లా కుంగిపోతే, డెబ్బై ఏళ్ళ దేహాన్ని పడక కుర్చీకి అప్పగించడం ఏ వైద్యం?

ఇక ఆ “పిల్లచేష్టల” సంగతి చూద్దాం. ఆ తీరప్రాంతపు ఊళ్ళలో లాన్ బౌల్స్ అనే ఆట వృద్ధులకు ప్రాణం. నేరుగా పోకుండా వంపు తిరిగేటట్లు మలచిన, సుమారు కిలోన్నర బరువుండే బంతిని పచ్చిక మీద దొర్లించి, దూరాన ఉన్న చిన్న తెల్లబంతికి వీలైనంత దగ్గరగా చేర్చాలి. చూడటానికి తీరుబాటు ఆట. కాని బంతి వదిలిన ప్రతిసారీ ఆటగాడు ఒక కాలు ముందుకు వేసి, మోకాలు వంచి, నడుము దించి, తిరిగి నిటారుగా లేవాలి. ఒక ఆటలో ఇది పదులసార్లు జరుగుతుంది. తొడ కండరాలకు బలం, పాదాలకు నిలకడ, కంటికి గురి, పక్కవారితో పరిహాసం, అన్నీ ఒక్కచోట దొరికే ఈ వ్యాయామాన్ని నేను ఏ మందుచీటీ మీద వ్రాయగలను?

అరవై అయిదు దాటినవారు వారానికి కనీసం 150 నిమిషాలు మితమైన శ్రమ చేయాలనీ, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలనీ, నిలకడను పెంచే సాధన మూడు రోజులైనా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఈ మూడవది మనకు బొత్తిగా పట్టదు. అదే సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది జారిపడి మరణిస్తున్నారు. వారిలో అత్యధికులు అరవై దాటినవారు. తుంటి విరిగిన పెద్దావిడను పరామర్శించి “పాపం, కాలం కలిసిరాలేదు” అంటాం. కలిసిరానిది కాలం కాదు. ఏళ్ళ తరబడి పని లేక సన్నబడిన తొడ కండరం.

“వాళ్ళకు డబ్బుంది, పెన్షనుంది, ఆడుకుంటారు” అన్నది మనవారి రెండవ వాదన. ఇందులో కొంత నిజముంది. ఆదాయాన్నీ ఆస్తులనూ లెక్కగట్టి, 67 ఏళ్ళు నిండిన అర్హులకు అక్కడి ప్రభుత్వం పెన్షన్ ఇస్తుంది. కూలికి వెళితేనే పూట గడిచే మన వృద్ధునికి నేను ఆటల గురించి ఉపదేశించను. అతనికి ముందు కావలసినది భోజనానికి భరోసా. కాని సొంత ఇల్లు, పెన్షను, ఆరోగ్య బీమా ఉన్న మన మధ్యతరగతి ఉద్యోగి ఎందుకు కదలడు? అక్కడి వృద్ధులు అనుభవిస్తున్నవాటిలో చాలా భాగం డబ్బుతో కొనుక్కున్నది కాదు. న్యూకాసిల్‌లో 1922లో తెరిచిన సముద్రపు ఈతకొలను నేటికీ అందరికీ ఉచితం. గోల్డ్ కోస్ట్‌లో 2011లో ప్రారంభమై దేశమంతటా విస్తరించిన శనివారపు పార్క్‌రన్‌లో 5 కిలోమీటర్లు పరుగెత్తవచ్చు, నడవవచ్చు, రుసుము లేదు. దారి పొడవునా కూర్చునేందుకు బల్లలు, త్రాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉంటాయి. మూత్రం ఆపుకోలేని వృద్ధురాలు ఇల్లు కదలాలంటే ఆమెకు ముందుగా కావలసినది ఉత్సాహం కాదు, మరుగుదొడ్డి. ఇది ఐశ్వర్యానికి సంబంధించిన విషయం కాదు, పురపాలనకు సంబంధించినది.

మూడవ వాదన మరీ విచిత్రమైనది: “వాళ్ళ పిల్లలు వాళ్ళను పట్టించుకోరు, అందుకే వీధిన పడి తిరుగుతారు.” సరే, మన పిల్లలు పట్టించుకుంటారనే అనుకుందాం. ప్రేమ కండరాన్ని పెంచదు. “నువ్వు కూర్చో నాన్నా, నేను తెస్తాను” అంటూ చేతిలోని చెంబు లాక్కునే ప్రేమ, తండ్రి దినచర్యలో మిగిలిన నాలుగు అడుగులనూ హరిస్తున్నది. ఇక అమ్మ సంగతి వేరు. ఆమెకు విశ్రాంతీ లేదు, వినోదమూ లేదు. వంటింటి చాకిరీని వ్యాయామమని సరిపెట్టడం ఆమెకు చేసే రెండవ అన్యాయం.

ఆస్ట్రేలియాలో బిడ్డల వద్ద ఉంటున్న మన తల్లిదండ్రుల స్థితి చూస్తే నా మనసు కలుక్కుమంటుంది. తాత్కాలిక పేరెంట్ వీసాపై వచ్చినవారు అక్కడ ఉద్యోగం చేయరాదు. కారు నడపలేరు, దారి తెలియదు, యాసతో కూడిన ఇంగ్లీషు అర్థం కాదు. శనివారం కొడుకు తీసుకువెళ్ళేదాకా సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా అది ఫోటోలోని సముద్రమే. మనవడి ఉయ్యాల, టీవీ ధారావాహిక, సోఫా. ఆ సోఫా మీదినుండి లేవలేక పడితే, ప్రైవేటు బీమా తప్ప ఆదుకునే దిక్కు లేదు. అమ్మానాన్నలను పిలిపించుకున్న బిడ్డలారా, వారికి ముందుగా బస్సెక్కడం నేర్పండి. దగ్గరలో మెన్స్ షెడ్ ఉంటే నాన్నను పరిచయం చేయండి. 1998లో విక్టోరియాలోని టొంగాలాలో ఈ పేరుతో మొదలైన పనిశాలలు నేడు ఆ దేశంలో వెయ్యికి పైగా ఉన్నాయి. చెక్కపని చేస్తూ పక్కపక్కన నిలబడితే, భాష అంతగా రాకపోయినా స్నేహం కుదురుతుంది.

అట్లాగని అక్కడిదంతా ఆదర్శమని నేను అనను. ఆ దేశంలో డెబ్బై ఏళ్ళు నిండేలోగా ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ నిర్ధారణ అవుతుందని అక్కడి వైద్యులు హెచ్చరిస్తారు. చొక్కా, టోపీ, సన్‌స్క్రీన్ వాడమని 1981 నుండి ప్రచారం చేస్తూనే ఉన్నారు. క్వీన్స్‌లాండ్‌లోని నంబూర్‌లో జరిగిన అధ్యయనంలో నిత్యం సన్‌స్క్రీన్ పూసుకున్నవారిలో ఒక రకం చర్మ క్యాన్సర్ సుమారు 40 శాతం తగ్గింది. మన చర్మపు రంగు కొంత రక్షణ ఇచ్చినా కంటికి ఆ రక్షణ లేదు. టోపీ, నల్లకళ్ళద్దాలు మనకూ అవసరమే. సముద్రంలో ఎరుపు, పసుపు జెండాల నడుమ తప్ప దిగరాదు. లోపలికి లాగే ప్రవాహంలో చిక్కితే దానితో పోరాడక తేలుతూ చేయెత్తి పిలవాలి. ఇక బౌల్స్ ఆడే క్లబ్బుల లోపలే మద్యం, జూదపు యంత్రాలు కాచుకొని ఉంటాయి. న్యూ సౌత్ వేల్స్ క్లబ్బుల్లో ఆ యంత్రాలు 1956 నుండి చట్టబద్ధం. పచ్చిక మీద సంపాదించిన ఆరోగ్యాన్ని లోపలి గదిలో పోగొట్టుకునేవారూ ఉన్నారు. మనం నేర్వవలసినది పచ్చికను, ఆ గదిని కాదు.

విశాఖ నుండి నెల్లూరు దాకా మనకూ సముద్రముంది. సముద్రం లేని ఊరికి చెరువుగట్టు ఉంది, పాఠశాల మైదానం ఉంది. లేనిది గుంటలు లేని కాలిబాట, మెట్టుకొక పట్టుగొమ్మ, కూర్చునే బల్ల, మరుగుదొడ్డి. కొత్త ఆసుపత్రి కోసం ధర్నా చేసే మనం ఆసుపత్రికి వెళ్ళే అవసరాన్ని తగ్గించే కాలిబాట కోసం ఒక్క వినతిపత్రమైనా ఇచ్చామా?

వైద్య మిత్రులకు నా విన్నపం ఒక్కటే. విశ్రాంతి అవసరమైనప్పుడు మందు మోతాదు వ్రాసినట్లే దానికీ గడువు వ్రాయండి. ఆ గడువు ముగిశాక రోగి ఏ మోతాదులో నడవాలో, ఏ ఆట ఆడవచ్చో కూడా అదే చీటీ మీద వ్రాయండి. పెద్దలకు మరొక మాట: గుండెజబ్బు, మోకాళ్ళ నొప్పి, తల తిరగడం ఉంటే మీ వైద్యుని అడిగి మొదలుపెట్టండి. కాని మొదలుపెట్టండి. కుర్చీని పట్టుకొని పది సెకన్లు ఒంటికాలి మీద నిలబడటంతోనైనా సరే.