అడవిపందికి పుల్లరి లేదా?

పుల్లరి యను మాటను పల్నాటి పల్లెలు నేటికిని మరువలేదు. రైతు పశువు అడవిలో గడ్డి మేసినందులకు నాటి తెల్లదొరతనము వసూలుచేసిన పన్ను అది. దానిని చెల్లింపబోమని 1921-22 సంవత్సరములలో పల్నాటి రైతులు లేచి నిలిచిరి. 1922లో మించాలపాడు చెంత కన్నెగంటి హనుమంతు ఆ పోరాటముననే తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ పల్నాటి పేరనే 2022లో ఏర్పడిన జిల్లాలో మన చిలకలూరిపేట చేరియున్నది. కావున ఒక ప్రశ్న నడుగుటకు మనకు హక్కు గలదు. నాడు రైతు ఆవు అడవిలో మేసినందులకు రైతు పుల్లరి కట్టవలసి వచ్చెను గదా. నేడు అడవిపంది రైతు చేనిలో మేయుచుండగా ఆ పుల్లరి యెవరు కట్టవలెను?

పఠనాలయమున కూర్చుండి పత్రికలు చదువు పట్టణవాసులకు ఇది స్వల్పవిషయముగా తోపవచ్చును. పేట చుట్టును నల్లరేగడి మైదానమే గాని అడవి యెక్కడనున్నదని వారడుగవచ్చును. కొండవీటి కొండలు మనకు దూరముకావు. అంతకంటె దగ్గరగా, ఓగేరు, కుప్పగంజి వాగుల గట్లమీదను, బీళ్లలోను సర్కారుతుమ్మ అల్లుకొని యుండును. పగలు దాగుటకు పందికి ఆ పొద చాలును. ప్రొద్దు గ్రుంకిన పిదప గుంపు వెడలును. పత్తికిని మిరపకును నడుమ వేసిన మొక్కజొన్న, వేరుసెనగ, శనగ చేలలో పడి, తిన్నదానికంటె త్రొక్కినది, త్రవ్వినది యెక్కువగా చేసి తెల్లవారకమునుపే పొద చేరును. ఒక్క యీతకు నాలుగైదు పిల్లలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పుట్టు జాతి యది. కౌలు ముందుగా చెల్లించి, వడ్డీకి తెచ్చి విత్తనము చల్లిన రైతునకు ఒక్క రాత్రి చాలును, సంవత్సరము పోవుటకు.

ఆ రైతు ఏమి చేయుచున్నాడు? మంచె కట్టి కేకలు వేయుచున్నాడు; డబ్బాలు మ్రోగించుచున్నాడు; చేని చుట్టును పాత చీరలు కట్టుచున్నాడు. పంది రెండు రాత్రులు బెదరును. మూడవనాడు వాటికి అలవాటుపడును. అప్పుడు కొందరు చేయుపని చెప్పుటకే మాకు భయమగుచున్నది. కరెంటు స్తంభమునుండి తీగ లాగి, కట్టెలు పాతి, జానెడెత్తున చేని చుట్టును కట్టుచున్నారు. ఆ తీగకు కన్నులు లేవు. పందిని చంపిన తీగయే పాడియావును చంపుచున్నది, చిరుతను చంపుచున్నది, వేకువజామున నీరు కట్టుటకు పోయిన ప్రక్కచేని కూలివానిని చంపుచున్నది. తాను కట్టిన తీగకు తానే బలియైన రైతుల వార్తలు ఉభయ తెలుగు రాష్ట్రములనుండియు వచ్చుచున్నవి. ఒకింట శవము, మరియొకింట కారాగారము: ఇదియా మన పంటల కావలి?

ఈ దుస్థితికి చట్టము లేకపోవుట కారణము కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములోని 11వ సెక్షను నిలుచున్న పంటను గూడ ఆస్తిగానే యెంచినది. రెండవ షెడ్యూలులోని జంతువు పంటకు ప్రమాదకరమైనప్పుడు, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని, కారణములు వ్రాసి, దానిని వేటాడుటకు ఉత్తరువు నీయవచ్చును. 2022 నాటి సవరణ తరువాత అడవిపంది ఆ రెండవ షెడ్యూలులోనే యున్నది. తలుపు ఉన్నది, గొళ్లెము తీయవలసిన చేయి కావలెను. కేరళ ప్రభుత్వము 2022లో ఆ చేయి చూపినది. పంటకు చేటు తెచ్చు పందులను కాల్పించుటకు ఉత్తరువిచ్చు అధికారమును స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించి, విషము, ప్రేలుడు పదార్థము, విద్యుత్తు వాడరాదని నిషేధించినది. రాత్రి వచ్చు పందికి పగటి కచ్చేరి చాలదని అచ్చటివారు గ్రహించిరి. ఉత్తరువు దూరపు కచ్చేరిలో నుండినంతమాత్రమున ఫలమేమి? పంది చేనిలో నుండగా అది రైతు చేతి కందవలెను.

ఇక తుపాకి మాట. 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధచట్టము భారతీయుని చేతినుండి ఆయుధమును లాగికొన్నది. నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కు పౌరునకు ఉండవలెనని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించినది. స్వతంత్ర భారతము 1959లో క్రొత్త చట్టము చేసికొన్నది. అందు 13వ సెక్షను పంట కావలికి చూపునది యేది? గొట్టపు నోటినుండి మందును రవ్వలను దట్టించి కాల్చు భరమారు తుపాకి! అది చాలదని అధికారికి తోచినప్పుడే మరియొక నునుపు గొట్టపు తుపాకి నీయవచ్చునట. ఒక్కసారి ప్రేలి, మరల దట్టించులోపల గుంపంతయు వాగు దాటిపోవు ఆయుధమది.

ఇది చూచి విసిగిన కొందరు యువకులు, పాయింటు 22 బోరు తేలిక రైఫిలు ప్రతి రైతునకు ఈయుడని కోరుచున్నారు. వారి ఆవేదన మాది. వారి కోరిక మాది కాదు. ఆ రైఫిలు గుండు బరువు రమారమి రెండున్నర గ్రాములు. కుందేటి వంటి చిన్న ప్రాణికి అది తగును. నూరు కిలోల వరకు తూగగల, భుజముపై దళసరి కవచము వంటి చర్మముగల మగపందికి అది గాయము చేయును గాని ప్రాణము తీయుట అరుదు. గాయపడిన పంది పొదలో కుళ్లి చచ్చును, లేదా మరునాడు కలుపుతీయ వచ్చిన ఆడుకూతుమీద పడును. అంతే కాదు. గురి తప్పిన ఆ చిన్న గుండు మైలున్నర దూరము వరకు పోగలదు. మన మైదానమున దానిని ఆపుటకు కొండ లేదు, గట్టు లేదు; ఉన్నది ప్రక్క చేనిలో కావలి పండుకొన్న మనిషి. కన్నులేని తీగకు బదులు గురిలేని గుండును తెచ్చుకొనుట వివేకమా?

పంది పులికిని చిరుతకును ఆహారము, దానిని కాల్చుట పాపమని వాదించు ప్రాణిమిత్రులకు మా మనవి యొకటి. అడవిలోని పంది జోలికి మేము పోము. నాగార్జునసాగరు-శ్రీశైలము అడవులలో అది పులి సొత్తు, అచ్చటనే యుండుగాక. కాని చేనిలో పందిని కాల్చవలదని మీరనునప్పుడు, అది బ్రదుకుచున్నదని భ్రమపడవలదు. అది తీగలో కాలుచున్నది. నోట నాటుబాంబు ప్రేలి దవడ పగిలి చచ్చుచున్నది. 2020లో కేరళమున ప్రేలుడు పదార్థము నోట ప్రేలి చూలాలైన ఏనుగు చచ్చినప్పుడు దేశమంతయు కన్నీరు కార్చినది. బహిరంగముగా, చట్టబద్ధముగా, గురి తెలిసినవాడు ప్రేల్చు ఒక్క గుండు ఈ చాటుచావులన్నిటికంటె దయగలది.

కావున మా కోరిక స్పష్టము. ఉత్తరువిచ్చు అధికారము పల్లెకు చేరవలెను. పంచాయతికొక్కడో ఇద్దరో, శిక్షణ పొంది లైసెన్సు గల గురికాండ్రు, తగిన బోరు తుపాకితో, బాధ్యత వహించి పనిచేయవలెను. చచ్చిన పందిని అధికారి యెదుట పూడ్చవలెను. మాంసపు బేరమునకు సందు ఈయరాదు. ప్రాణము తీయక బెదరించు సౌరకంచెకు ప్రభుత్వము సాయపడవలెను. వాగు గట్ల సర్కారుతుమ్మను కొట్టింపవలెను. పోయిన పంటకు పరిహారము మరుపంట విత్తులోపల చేతికి రావలెను. ఆ పరిహారమే అడవిపంది పుల్లరి.

రైతు సోదరులకును ఒక మాట. ఈ రాత్రియే ఆ తీగను విప్పుడు. తీగతో ప్రాణము తీసిన చేయి న్యాయము నడుగుటకు లేవజాలదు. నాడు పుల్లరి కట్టమన్నవారు చాటున కాక నలుగురి యెదుట నిలిచి యన్నారు. మనమును అట్లే నిలిచి అడుగుదము.