కల్లుకు చిరునామా కావాలి

డబ్లిన్‌లో స్థిరపడిన మా సిద్దిపేట మిత్రుడొకడు సెలవులకు వచ్చి, అక్కడి చిన్న బీరు తయారీశాలల గురించి గంటసేపు మురిసిపోతూ చెప్పాడు. ఎవరు చేశారో, ఏ ఊళ్ళో చేశారో సీసా మీదే రాసి ఉంటుందట. వింటున్నంతసేపూ నా మనసు మా ఊరవతలి ఈతవనం చుట్టూనే తిరిగింది.

ఐర్లండు అనగానే గిన్నిస్ గుర్తుకొస్తుంది. 1759లో ఆర్థర్ గిన్నిస్ డబ్లిన్‌లోని సెయింట్ జేమ్సెస్ గేట్ స్థలాన్ని ఏడాదికి 45 పౌన్ల చొప్పున 9,000 ఏళ్ళకు కౌలుకు తీసుకున్నాడు. అంతటి మర్రి నీడన మరో మొక్క మొలుస్తుందా? మొలిచింది. 1996లో డబ్లిన్‌లో పోర్టర్‌హౌస్, అదే ఏడు కార్లో పట్టణంలో మరొకటి వెలిశాయి. 2005లో ప్రభుత్వం చిన్న తయారీదారులకు ఎక్సైజు సుంకంలో సగం మినహాయింపునిచ్చింది. చూడవచ్చినవారికి తయారైన చోటనే అమ్ముకొనే వీలును 2018 నాటి చట్టం కల్పించింది.

తయారైన చోటనే, తయారుచేసినవాని చేతి మీదుగానే! ఇది మనకు కొత్తదా? మోకు, ముస్తాదు కట్టుకొని చెట్టెక్కి, లొట్టి దించి, చెట్టు కిందనే పోసే గీత కార్మికుడు తరతరాలుగా చేస్తున్నది అదే కదా. ఆయన ఈస్టు కొనడు. గాటు నుంచి జారే తీపి నీరు లొట్టిలోనే పులియడం మొదలుపెడుతుంది. పొద్దుటి కల్లు రుచి వేరు, సాయంత్రపు కల్లు ఘాటు వేరు. ఈత వేరు, తాడి వేరు.

మరి లోపమెక్కడ? చెట్టు నుంచి దుకాణానికి చేరేలోగా కల్లు తన చిరునామాను పోగొట్టుకుంటుంది. చెట్లు తక్కువై, తాగే నోళ్ళు ఎక్కువైన చోట క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రజోలం వంటివి లొట్టిలో చేరుతున్నాయి. హైదరాబాదులో 2004లో మూసిన కల్లు దుకాణాలను 2014లో తిరిగి తెరిచారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. మూసివేయడమూ, తెరవడమూ తప్ప మూడో దారిని మనం ఆలోచించలేదనిపిస్తుంది.

నేను మద్యాన్ని పొగుడుతున్నానని మిత్రులు అనుకోవద్దు. తాగుడు కూల్చిన ఇళ్ళు మా వీధిలోనూ ఉన్నాయి. అయితే తాగవద్దని చెప్పడం వేరు, తాగేదేమిటో తెలియకుండా చేయడం వేరు. ఏ వనం నుంచి వచ్చింది, ఎవరు గీశారు, ఎప్పుడు దించారు - ఈ మూడు మాటలు ప్రతి దుకాణం పలక మీదా ఉండాలి. ఆ పని గీత కార్మికుల సహకార సంఘాలే చేయగలవు. ఉన్న చెట్లకు మించి కల్లు అమ్మితే ఆ పలకే పట్టిస్తుంది. చెట్టు మీద ప్రాణాలను పణంగా పెట్టేవానికి ఆ పేరు గౌరవాన్నీ తెస్తుంది.

మరునాడు మిత్రుణ్ణి ఈతవనానికి తీసుకువెళ్ళాను. "ఇది ఏ చెట్టుది?" అని వాడు అలవాటుగా అడిగాడు. "గా మూడో చెట్టుది సార్, ఇప్పుడే దించిన" అన్నాడు గీత కార్మికుడు, వేలెత్తి చూపుతూ.

ఇన్నేళ్ళుగా వెళుతున్న నేను, ఒక్కనాడూ ఆ ప్రశ్న అడగలేదు.