ఎగరగొట్టి తీసిన ఫోటో

సున్నపు బట్టీల పిడుగురాళ్ల వాణ్ణి నేను. బాపట్ల దగ్గరి సూర్యలంకకు శీతాకాలంలో వెళ్ళేది మాత్రం అలల అంచున పరుగులు తీసే ఉల్లంకి పిట్టల కోసమే.

వాటి జాతిలో మరీ చిన్నది లిటిల్ స్టింట్. బరువు పాతిక, ముప్పై గ్రాములు. ఉత్తరధ్రువ ప్రాంతపు టండ్రాలో పుట్టి, వేల కిలోమీటర్లు ఎగిరి మన దేశానికి వస్తుంది. వేసవిలో మళ్ళీ అంత దూరమూ పోవాలి. తడి ఇసుకలో, బురదలో ఏరుకున్న పురుగులే దారి బత్తెం.

గుంపు ఒక్కసారిగా లేస్తే ఫోటో బాగుంటుందని మీదికి పరుగెత్తేవారున్నారు. మనకది ఒక్క క్లిక్కు. పిట్టకు నోటికాడి కూడు, కూడబెట్టుకున్న బలం. అటువంటి ఫోటోను మెచ్చుకోరాదని నా అభిప్రాయం. ఇసుకలో బోర్లా పడుకుని కదలకుండా ఉండండి. మేసుకుంటూ పిట్టే దగ్గరికి రావచ్చు. రాకుంటే, కంటితో చూసిన భాగ్యం చాలదా?